మన రంగస్థల నటీమణుల చిన్నతనాన్ని రాసిపెట్టండి: సాంస్కృతిక శాఖలకు ఒక బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాల భాషా సాంస్కృతిక శాఖల అధికారులకు, తెలుగు విశ్వవిద్యాలయం రంగస్థల కళల శాఖ పెద్దలకు,

నమస్కారం.

ఏటా ఏప్రిల్ 16న, కందుకూరి వీరేశలింగం గారి జయంతి నాడు, తెలుగు నాటక రంగ దినోత్సవం జరుపుకుంటాం. ఆ సభల్లో సురభి నాటక కుటుంబాల నటి కమలాబాయి గారి పేరు తరచుగా వినిపిస్తుంది. వచ్చిన ప్రతిసారీ చెప్పేది ఒకటే కథ. వాళ్లమ్మ వెంకూబాయి గారు నిండు నెలలతో దమయంతి వేషం కట్టారు, ఆట మధ్యలో నొప్పులొచ్చాయి, రంగస్థలం మీదే బిడ్డ పుట్టింది. జనం మొదట అది కూడా నాటకంలో భాగమే అనుకున్నారు, అసలు సంగతి తెలిశాక డబ్బులు విసిరారు. సభలో చప్పట్లు మోగుతాయి. వెంటనే వక్త 1932కి వచ్చేసి, తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి వేషం ఆవిడదే అంటారు. మళ్లీ చప్పట్లు. తర్వాతి వక్తను పిలుస్తారు.

ఆమె పుట్టింది 1907లో. టాకీ వచ్చింది 1932లో. మధ్యలో పాతికేళ్లున్నాయి. ఒక మనిషి నటిగా తయారైంది ఆ పాతికేళ్లలోనే. నాలుగేళ్ల పిల్లకి మొదటి పద్యం ఎవరు నేర్పారు? ఏ ఊళ్లలో మకాం వేశారు? గొంతు మారే వయసులో ఆ అమ్మాయి ఏం చేసింది? కృష్ణుడి వేషం వదిలి చీర కట్టి స్త్రీ వేషానికి మారిన రాత్రి ఎలా గడిచింది? వీటి గురించి మన సభల్లో ఎవరూ మాట్లాడరు. చిన్నప్పుడు కృష్ణుడు, ప్రహ్లాదుడు, లవుడు వేసిందనీ, ఈడొచ్చాక నాయిక వేషాలతో పాటు మగ వేషాలు కూడా కట్టిందనీ ఒక్క వాక్యంలో ముగించేస్తాం. ఈ లేఖ ఆ ఒక్క వాక్యం గురించే.

ముందు ఆ పుట్టుక కథ గురించి ఒక మాట. దాన్ని వింతగా, అద్భుతంగా చెప్పుకోవడం చూస్తే నాకు బాధేస్తుంది. దమయంతి అంటే భర్త నట్టడవిలో వదిలేసి వెళ్లిపోయిన ఇల్లాలు. ఆ వేషంలో ఉన్న మనిషి నొప్పితో మూలిగితే, ఎంత బాగా చేస్తోందో అని జనం అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. కానీ నెలలు నిండిన ఆడమనిషి రాత్రిపూట అంతసేపు నిలబడి పద్యాలు ఎందుకు పాడాల్సి వచ్చింది? ఆట ఆగితే ఆ పూట టిక్కెట్ల డబ్బు రాదు. డబ్బు రాకపోతే మకాంలో ఉన్న కుటుంబాలన్నిటికీ మర్నాడు పొయ్యి వెలగదు. కుటుంబమే కంపెనీ, కంపెనీయే కుటుంబం అయిన చోట పురిటి సెలవు ఎవరిస్తారు? చప్పట్లు కొట్టే ముందు మనం వెంకూబాయి గారి వైపు ఒకసారి చూసి ఉంటే, ఈ కథను ఇంకో రకంగా చెప్పుకునేవాళ్లం.

సురభి వారి చరిత్ర మీకు తెలియనిది కాదు. మరాఠీ మూలాలున్న తోలుబొమ్మలాట కుటుంబాలు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ఒక పెళ్లి సందర్భంగా ‘కీచక వధ’ ఆడారు. వనారస గోవిందరావు గారు దాన్ని నాటక సమాజంగా నిలబెట్టారు. ఆ ఊరి పేరే వాళ్ల ఇంటిపేరులా మారిపోయింది. ఇంతవరకు అందరూ రాశారు. నేను ఇంకొక సంగతి ఎత్తి చూపాలనుకుంటున్నాను. తోలుబొమ్మలాటలో సీత మాటలు, ద్రౌపది పాటలు పలికేది ఆడవాళ్లే. తెర వెనక, నూనె దీపాల పొగలో కూర్చుని, చంకలో పిల్లను పెట్టుకుని పాడేవాళ్లు. ఆ గొంతు అప్పటికే తయారై ఉంది, తరాలుగా శ్రుతిలో నిలబడి ఉంది. సురభి వారు చేసిన పని ఆ గొంతున్న మనిషిని తెర ముందుకు తీసుకురావడం. మిగతా నాటక సమాజాలు చాలావరకు మగవాళ్లకే చీర కట్టి ఆడిస్తున్న కాలంలో ఆడవాళ్ల వేషాలు ఆడవాళ్లే కట్టారంటే, దాని వెనక ఈ తెర వెనకి పాట ఉంది. తెలుగు సంగీత నాటకంలో నటి చరిత్ర మొదలవ్వాల్సింది అక్కడ్నుంచి. మన పుస్తకాలేమో సమాజ స్థాపకుల పేర్లతో మొదలై, సమాజాధిపతుల పేర్లతో ముగుస్తాయి.

నాకు ఊహ తెలిసినప్పటి నుంచి నాటకాలు చూస్తున్నాను. మాది తెనాలి. ఇక్కడ పద్యం రాని ఇల్లుండదు అనేవారు ఒకప్పుడు. సురభి వారు మా ఊళ్లో మకాం వేసినప్పుడు పెద్దవాళ్లతో కలిసి లోపలికి వెళ్లే చనువు దొరికింది. అప్పుడు చూసినదొకటి ఇక్కడ రాయాలి. శ్రీకృష్ణ లీలలు ఆట. బాలకృష్ణుడి వేషం కట్టిన పిల్లవాడు, కాదు, పిల్ల, సైడ్ వింగు పక్కన ట్రంకు పెట్టె మీద నిద్రపోతోంది. ఒంటినిండా నీలం రంగు, తలమీద నెమలి పింఛం పక్కకు ఒరిగి ఉంది. వాళ్లమ్మ అప్పుడే తన సీను ముగించుకుని వచ్చింది. పిల్ల ముఖం కడగడానికి లేదు, రంగు పోతుంది. పైట కొంగు చివర తడిపి రెండు కళ్లు మాత్రం తుడిచింది. నోట్లో పటికబెల్లం ముక్క పెట్టింది. పింఛం సర్దుతూ చెవి దగ్గర నోరు పెట్టి సన్నగా ఒక స్వరం అందించింది. బయట హార్మోనియం అదే స్వరం పట్టుకుంది. అంతవరకు తూలుతున్న పిల్ల నడుం నిటారుగా పెట్టి, నడుచుకుంటూ వెలుగులోకి వెళ్లిపోయింది. వాళ్లమ్మ వింగులోనే నిలబడి, పిల్ల పాడుతున్న పద్యం మొత్తానికీ శబ్దం లేకుండా పెదాలు కదిపింది. కొంగు మీద నీలం మరక అలాగే ఉంది. ఆ తర్వాత సీనులో ఆవిడ ఆ మరక కనపడకుండా కొంగు లోపలికి దోపుకుని యశోదగా వచ్చింది.

నటికి శిక్షణ అంటే అదీ. బడి కాదు, సిలబస్ లేదు, పట్టా లేదు. మొదట ఊయలలో పసికందుగా, తర్వాత బాలకృష్ణుడిగా, లోహితాస్యుడిగా, ప్రహ్లాదుడిగా, లవకుశుల్లో ఒకరిగా. పన్నెండు పదమూడేళ్లు వచ్చేసరికి చెలికత్తె. ఆ తర్వాత ఎవరికైనా జ్వరం వచ్చిన రాత్రి అనుకోకుండా నాయిక. అప్పటికి నాటకం మొత్తం నోటికి వచ్చి ఉంటుంది, తన పాత్ర ఒక్కటే కాదు, అందరి పాత్రలూ. ఇంకొన్నేళ్లకు తల్లి వేషాలు. గొంతు సన్నగిల్లాక పిల్లలకు పద్యం చెప్పడం, బట్టలకు చమ్కీలు కుట్టడం, ప్రాంప్టింగ్. ఒక జీవితంలో ఇన్ని దశలున్నాయి, ప్రతి దశలో ఒక విద్య ఉంది. దీన్ని ఏ విశ్వవిద్యాలయమైనా నాలుగేళ్ల కోర్సుగా పెడితే ఎంత కష్టపడాలో మీకే తెలుసు.

మైకులు లేని రోజుల్లో ఆ గొంతు ఎంత దూరం వెళ్లాలో ఆలోచించండి. ముందు కుర్చీలు, వెనక బెంచీలు, ఆ వెనక నేల టిక్కెట్టు. నేల టిక్కెట్టు వాడికి పద్యం చివరి పాదంలో చివరి అక్షరం వినపడకపోతే ఊరుకోడు. నచ్చితే వన్స్‌మోర్ కొడతాడు, మళ్లీ పాడాలి. మగవాళ్లకు సాగదీసి రాగం తీసే అలవాటుంటే, ఆడవేషానికి భావం చెడకుండా ఆ పైస్థాయిలో పాడటం వేరే కష్టం. ఏడుస్తూ శ్రుతి తప్పకూడదు. హరిశ్చంద్ర నాటకంలో చంద్రమతి కాటి సీనులో కొడుకు శవం మీద పడి పాడుతుంది. బోర్లా వంగిన మనిషికి ఊపిరి ఎక్కడిది?

ఈ ప్రశ్నకు జవాబు నాకు ఒక పెద్దావిడ చెప్పింది. చంద్రమతి, సావిత్రి వేషాలతో కోస్తా జిల్లాలన్నీ తిరిగిన మనిషి, ఇప్పుడు కాలు కింద పెట్టలేని స్థితిలో ఉంది. మంచం మీద కూర్చునే చేసి చూపించింది. “చివరి పాదం ఎత్తుకునే ముందు ఊపిరి దొంగతనంగా తీసుకోవాలమ్మా. పైట సర్దుకున్నట్టు చెయ్యి భుజం మీదికి తేవాలి, తల కొంచెం పక్కకి తిప్పాలి. జనం చెయ్యి చూస్తారు. నువ్వు ఊపిరి తీసుకో” అంది. చెయ్యి ఎత్తింది, తల తిప్పింది, పాడింది. ఆ వయసులో కూడా పాదం తెగలేదు. అంతకు ముందు వందసార్లు ఆ సీను చూసి ఉంటాను, పైట సర్దుకోవడం దుఃఖంలో భాగమనే అనుకున్నాను. అది ఆవిడకి వాళ్ల పిన్ని నేర్పిందట. ఆ పిన్నికి ఎవరు నేర్పారో అడిగితే, మద్రాసు వైపు నుంచి వచ్చిన ఒక నటి పేరు చెప్పింది. ఆ పేరు నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు.

అధికారులారా, ఇది మనం పోగొట్టుకుంటున్న సొత్తు. ఈ విద్య ఆ మనుషుల ఒంట్లో ఉంది, వాళ్లతోనే పోతుంది.

స్థానం నరసింహారావు గారు 1971లో కన్నుమూశారు. కమలాబాయి గారు కూడా ఆ ఏడాదే పోయారు. ఒకరు ఆడవేషంలో తెలుగునాట సాటిలేని మగవాడు, ఇంకొకరు ఆడవేషం ఆడవాళ్లే వెయ్యాలని నిలబడిన కుటుంబంలో పుట్టిన ఆడది. స్థానం వారంటే నాకు ప్రాణం. సత్యభామగా ఆయన నడక గురించి మా ఇంట్లో పెద్దవాళ్లు చెప్పుకుంటుంటే విని పెరిగాను. ఆయనకు 1956లో పద్మశ్రీ వచ్చింది. తన అనుభవాలు తనే పుస్తకంగా రాసుకున్నారు. ఏ చీర ఏ పాత్రకు ఎందుకు కట్టారో, నడక ఎలా సాధించారో ఆయన మాటల్లోనే మనకు తెలుసు. అది మన అదృష్టం. ఆ అదృష్టం కమలాబాయి గారి విషయంలో లేకపోయింది. మగవాడు ఆడదానిలా నడవడం కళ కాబట్టి రాశారు, ఆడది ఆడదానిలా నడిస్తే అందులో రాయడానికేముంది అనుకున్నారేమో. ఎంత పొరపాటు! చంద్రమతి నడక, చిత్రాంగి నడక, దమయంతి నడక ఒకటి కాదు. నటి కూడా వాటిని నేర్చుకునే నడిచింది.

సినిమా వైపు చూడండి. ‘భక్త ప్రహ్లాద’ 1931లో వచ్చిందని చాలా ఏళ్లు అందరం అనుకున్నాం, సెప్టెంబరు 15న తెలుగు సినిమా పుట్టినరోజు జరిపాం. పాత్రికేయుడు రెంటాల జయదేవ గారు పాత కాగితాలు, పత్రికలు తిరగేసి, సెన్సారైంది 1932 జనవరి 22న అనీ, బొంబాయిలో విడుదలైంది ఫిబ్రవరి 6న అనీ తేల్చారు. ఎనభై ఏళ్ల తర్వాత ఒక తేదీ సరిదిద్దుకున్నాం. అంత శ్రద్ధ సినిమాకు దొరికింది, సంతోషం. ఆ సినిమా ప్రింటు ఇవాళ లేదు, అయినా దాని తేదీ మీద అంత పట్టుదల చూపించాం. హెచ్.ఎం. రెడ్డి గారు బొంబాయిలో తీసిన ఆ బొమ్మకు ఆధారం సురభి వారు ఆడుతున్న నాటకమే, ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారి రచన. సురభి రంగస్థలం తయారుచేసి పంపిన మనిషే అందులో నాయిక. ప్లేబ్యాక్ లేని రోజులు, కెమెరా ముందు నిలబడి తనే పాడుకోవాలి. ఆవిడకు అదేమీ కొత్త కాదు, పుట్టిన దగ్గర్నుంచి చేస్తున్న పనే. అదే ఏడాది ‘పాదుకా పట్టాభిషేకం’లో సీత, ‘శకుంతల’లో శకుంతల. తర్వాత బొంబాయిలోనే ఉండి హిందీ చిత్రాల్లోనూ వేసింది. తొలి టాకీలకు నాయిక కావాల్సి వచ్చినప్పుడు వెతికింది రంగస్థలం మీదే. సినిమా తేదీకి ఇచ్చిన శ్రద్ధలో సగం ఆ రంగస్థలానికి ఇవ్వమని అడుగుతున్నాను.

1951లో ‘పాతాళభైరవి’ చూసినవాళ్లందరూ తోటరాముడి తల్లిని చూశారు. ఆ తల్లి కమలాబాయి గారే. అప్పటికి ఆవిడకు నలభై నాలుగేళ్లు. వెలుగంతా రాముడి మీద, నేపాళ మాంత్రికుడి మీద ఉన్న కథలో ఆవిడ మాట తీరు ఒకసారి మళ్లీ వినండి. మాట చివర పడిపోదు, ప్రతి అక్షరం తెగి వినపడుతుంది. నేల టిక్కెట్టు దాకా వినపడాలని చిన్నప్పుడు నేర్చుకున్న మాట అది.

ఆవిడ ఒక్కరే కాదు. పసుపులేటి కన్నాంబ గారు నాటకాల్లో పేరు తెచ్చుకున్నాకే 1935లో ‘హరిశ్చంద్ర’లో చంద్రమతిగా తెరమీదికి వచ్చారు. దాసరి కోటిరత్నం గారు సొంతంగా నాటక సమాజం నడిపారు, అదే ఏడాది ‘సతీ సక్కుబాయి’తో తొలి తెలుగు మహిళా నిర్మాత అనిపించుకున్నారు. ఆడమనిషి సమాజం నడపడమంటే ఏమిటి? మగ నటుల జీతాలు ఇవ్వాలి, ఊరి పెద్దల్ని ఒప్పించాలి, పోలీసు అనుమతి తేవాలి, రాత్రి కిరీటం పెట్టుకోవాలి. వీళ్ల సినిమా పేర్లు ఇంటర్నెట్‌లో వరసగా దొరుకుతాయి. వీళ్లు పదమూడేళ్లప్పుడు ఏం చేశారన్న దగ్గర మాత్రం అరపేరా దాటదు.

ఇక ఇప్పటి మాట. ఒకప్పుడు డజన్ల కొద్దీ ఉన్న సురభి కంపెనీలు ఇవాళ వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. 1937లో శ్రీకాకుళం వైపు జిమిడిపేటలో మొదలైన శ్రీ వెంకటేశ్వర నాట్యమండలిని రేకందార్ నాగేశ్వరరావు గారు, మనందరి బాబ్జీ గారు, ఆఖరిదాకా మోశారు. 2013లో పద్మశ్రీ వచ్చింది. 2022లో ఆయన పోయినప్పుడు పత్రికలన్నీ రాశాయి, రాయాల్సిందే. హైదరాబాదు లింగంపల్లి సురభి కాలనీలో ఆయన వెంట నిలబడిన ఆడవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కన్నడ నాటక దర్శకుడు బి.వి. కారంత్ గారు వచ్చి ‘భీష్మ’, ‘చండీప్రియ’ చేయించినప్పుడు ఆ రిహార్సల్స్‌లో ఉన్నవాళ్లు వాళ్లలో ఉన్నారు. కొత్త దర్శకుడు చెప్పిన పద్ధతికీ, అమ్మమ్మ నేర్పిన పద్ధతికీ మధ్య వాళ్లు ఏం మార్చుకున్నారో, ఏం మార్చుకోలేదో వాళ్లే చెప్పాలి. వాళ్లను అడగడానికి ఇప్పుడు తప్ప ఇంకెప్పుడూ కుదరదు.

సురభి వెలుపల పద్య నాటకాల నటీమణుల పరిస్థితి ఇంకా కష్టం. సురభిలో కనీసం కుటుంబం వెంట ఉంటుంది, భర్త, మామ, మరిది అందరూ అదే రంగస్థలం మీద ఉంటారు. కాంట్రాక్టు నాటకాల్లో నటి ఒంటరిది. తిరునాళ్లకీ, శివరాత్రికీ కాంట్రాక్టర్ ఫోన్ చేస్తే బ్యాగులో చీరలు, విగ్గు, గిల్టు నగలు సర్దుకుని బస్సెక్కాలి. రాయబారం నాటకంలో ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు ఉంటారు, సీన్లు పంచుకుంటారు, అలసిపోయినవాడు పక్కకెళ్లి టీ తాగుతాడు. హరిశ్చంద్రుడి వేషమూ అంతే. చంద్రమతి మాత్రం చాలాసార్లు తెల్లవార్లూ ఒక్కతే. మర్నాడు పొద్దున రంగు సరిగ్గా కడుక్కోకుండానే మొదటి బస్సు. అద్దె ఇల్లు అడిగితే “నాటకాల వాళ్లకి ఇవ్వం” అని మొహం మీదే చెప్పిన వాళ్లున్నారు.

ముసలితనంలో పింఛను కోసం వెళితే కాగితాలు అడుగుతారు. పైన చెప్పిన పెద్దావిడకు జరిగింది చెబుతాను. ఏ ఆఫీసో రాయను, రాసి ఎవరినీ ఇబ్బంది పెట్టడం నా ఉద్దేశం కాదు. నాటకాలు ఆడినట్టు ఆధారం తెమ్మన్నారు. ఆవిడ దగ్గర రంగు వెలిసిన రెండు ఫొటోలు, నాలుగు కరపత్రాలు ఉన్నాయి. ఒకదానిమీద “ప్రముఖ స్త్రీ పాత్రధారిణి” అని ఉంది, పేరు లేదు. ఇంకొకదాని మీద పెళ్లికి ముందు ఇంటిపేరు ఉంది, ఆధార్ కార్డు మీద ఇంకోటి. మూడోదాంట్లో “బేబీ” అని ముద్దుపేరు వేశారు, అప్పటికి ఆవిడకు తొమ్మిదేళ్లు. తొమ్మిదేళ్లప్పుడు ప్రహ్లాదుడు వేసిన రాత్రులు సర్వీసు కిందకు వస్తాయా అని ఆవిడ అమాయకంగా అడిగితే, పద్దెనిమిదేళ్ల తర్వాతివే చూపించమన్నారట. రూలు అలా ఉండి ఉండవచ్చు, తప్పు ఆ గుమాస్తాది కాదు. కానీ ఈ విద్యలో సర్వీసు ఊయలలోనే మొదలవుతుంది. సగం జీవితం లెక్కలోకి రాని రూలు ఆ కళను ఎరిగినవాళ్లు రాసింది కాదు.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. అవార్డులు, శాలువాలు అడగడం లేదు. మొట్టమొదటగా, డెబ్భై దాటిన రంగస్థల నటీమణుల ఇళ్లకు మనుషుల్ని పంపండి. ఒక కెమెరా, ఒక మంచి మైకు, హార్మోనియం వాయించగలిగిన ఒక మనిషి. హార్మోనియం ముఖ్యం, అది పక్కన మోగితేనే వాళ్లకు పద్యాలు గుర్తొస్తాయి, లేకపోతే “మర్చిపోయానమ్మా” అంటారు. అడిగేవాళ్లు నాటకం తెలిసినవాళ్లు అయి ఉండాలి, వీలైతే ఆడపిల్లలు కావాలి. కొన్ని సంగతులు మగవాళ్ల ముందు చెప్పరు. నెలసరి రోజుల్లో దేవత వేషం ఎలా కట్టారు, బాలింతగా ఎన్నో రోజు మళ్లీ రంగు పూసుకున్నారు, రాత్రి ప్రయాణాల్లో ఒకరికొకరు ఎలా తోడున్నారు, ఇవన్నీ నాటక చరిత్రే. “మీ అనుభవాలు చెప్పండి” అని గాలికి వదిలేయకుండా, మొదటి వేషం ఏది, ఎవరు నేర్పారు, ఏ ఊరు, ఎంత ఇచ్చారు, ఆ డబ్బు ఎవరి చేతికి వెళ్లింది, బడికి వెళ్లారా అని గుచ్చి అడగండి. చిన్నతనం గురించి అడగండి ముందు. పెద్దయ్యాక అందుకున్న సన్మానాల పత్రాలు గోడ మీద ఎలాగూ ఉన్నాయి.

రెండోది కొంచెం ఓపికతో చేయాల్సిన పని. నాటకాల మీద నిఘాకు బ్రిటిష్ వాళ్లు 1876లోనే చట్టం తెచ్చారు. మద్రాసు రాష్ట్రంలో 1939లో వినోదపు పన్ను చట్టం వచ్చింది. ఊరూరా మకాం వేసిన కంపెనీలు అనుమతులకు అర్జీలు పెట్టుకున్నాయి, పన్నులు కట్టాయి. జిల్లా కలెక్టరేట్లలో, మునిసిపల్ ఆఫీసుల్లో, రాష్ట్ర ప్రభుత్వ పాత పత్రాల భాండాగారాల్లో ఆ కాగితాల్లో కొన్నయినా మిగిలి ఉండే అవకాశం ఉంది. ఏ కంపెనీ ఏ నెలలో ఏ ఊళ్లో ఉందో తెలిస్తే, కమలాబాయి గారి లాంటి నటి బాల్యాన్ని ఊరూరా గుర్తించవచ్చు. సినిమాకు సెన్సార్ కాగితం సాక్ష్యంగా దొరికినట్టే, నాటకానికి ఈ కాగితాలు దొరకవచ్చు. పరిశోధక విద్యార్థులకు ఈ పని అప్పగించండి. నలిగిపోయిన అంశాల మీద ఇంకో థీసిస్ రాయించే బదులు ఇది చేయిస్తే, చెదలు తినే లోపు కొన్ని పేర్లయినా బయటపడతాయి.

పింఛను విషయం మీ చేతుల్లోనే ఉంది. కాగితం లేనివాళ్లకు తోటి కళాకారులు ముగ్గురు సంతకం పెడితే చాలని రూలు మార్చండి. కరపత్రం మీద పేరు లేకపోతే, ఒక హార్మోనిస్టును, ఒక పద్య నటుణ్ణి కూర్చోబెట్టి ఆవిడ చేత ఒక పద్యం పాడించండి. పది నిమిషాల్లో తెలిసిపోతుంది ఆవిడ రంగస్థలం మీద పుట్టి పెరిగిన మనిషో కాదో. బాల పాత్రల ఏళ్లు కూడా సర్వీసులో కలపండి.

ఇంకొకటి, ఇప్పటి ఆడపిల్లల సంగతి. సురభి కుటుంబాల్లో పుట్టిన పిల్లలు ఇవాళ చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు, చేయాలి కూడా. బడి మానిపించి వేషాలు వేయించే రోజులు మళ్లీ రావాలని నేను కోరుకోను. కానీ శనివారం సాయంత్రం ఆడి, సోమవారం పరీక్షకు కూర్చునే అమ్మాయి ఉంటుంది చూడండి, ఆ అమ్మాయికి క్రీడాకారులకు ఇచ్చే హాజరు మినహాయింపు, కోటా లాంటివి ఇవ్వడానికి అభ్యంతరం ఏమిటి? ఆరేళ్ల వయసు నుంచి నాటకం ఆడిన అమ్మాయి విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల కోర్సుకు వస్తే, ఆ అనుభవానికి మార్కులుండాలి. వాళ్ల అమ్మమ్మను అతిథి అధ్యాపకురాలిగా పిలవండి. డిగ్రీ లేదని వెనక్కి పంపకండి. పైట సర్దుకుంటూ ఊపిరి తీసుకోవడం ఏ డిగ్రీలో ఉంది?

పాఠ్యపుస్తకం గురించి కూడా ఒక మాట. తెలుగు వాచకాల్లో కమలాబాయి గారి మీద ఒక పాఠం పెట్టండి. స్టేజి మీద పుట్టిందన్న ముక్కతో ఆపకుండా, ఒక పిల్ల నటిగా ఎలా తయారవుతుందో చెప్పే పాఠంగా రాయించండి. వెంకూబాయి గారి పేరు అందులో తప్పకుండా ఉండాలి.

తెనాలి, గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల ఊళ్లలో ఉన్న పెద్దవయసు నటీమణుల వివరాలు కొన్ని నేను సేకరించాను. వాళ్ల అనుమతి తీసుకుని, చిరునామాలతో సహా మీ కార్యాలయానికి నేరుగా అందజేస్తాను, బహిరంగంగా పెట్టను. వాళ్లలో ఇద్దరికి ఆరోగ్యం బాగాలేదు. రికార్డింగ్ బృందం వస్తే ఇళ్లకు తీసుకెళ్లడం, భోజనం, హార్మోనియం ఏర్పాటు మా నాటక మిత్రులం చూసుకుంటాం. వేసవి ఎండలు ముదరకముందే ఎవరినైనా పంపగలరా? మధ్యాహ్నం పూట వద్దు, వాళ్లు పడుకుంటారు. సాయంత్రం అయిదు తర్వాత గొంతు బాగా పలుకుతుంది.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,

తెనాలి నుంచి ఒక నాటకాభిమాని